ఏడో మామిడిపండు

1952 ఏప్రిల్ 14, సోమవారం
నాంపల్లి ఆఫీసులో చేరి వారమైంది. విదేశానికి పోయే పండ్లలో పురుగు లేదని సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు. టైపు కొట్టేది నేను, సంతకం చేసేది వామన్‌రావు గారు. ఆయన పొద్దుటి నుంచి మామిడి టెంకలు కోస్తూ కూర్చుంటారు. టెంకలో దాగే పురుగు ఒకటుందట. పండు పైకి నిగనిగలాడుతూనే ఉంటుందట. కొనే దేశంలో ఆ పురుగు లేదు. అందుకే వాళ్ల షరతు: వరుసగా మూడేళ్లు పురుగు లేని తోట కావాలి. బయటి మామిడి ఒక్కటి కూడా ఆ తోటలోకి రాకూడదు. మా ఫైళ్లన్నిట్లో అలాంటి తోట ఒకటే, యాదవ్వది. రెండేళ్లు గడిచాయి. ఇది మూడోది.

ఏప్రిల్ 22, సాయంత్రం
ఫారం మీద వేలిముద్ర కోసం యాదవ్వ తోటకు వెళ్లాను. పెద్దావిడ దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్లడమేమిటని మొజంజాహీ మార్కెట్లో ఏడు పండ్లు కొని, గౌలిగూడలో బస్సెక్కాను. మామిడిపండ్లే! షరతు నాలుగు కాపీలు కొట్టిన చేతులతోనే! కొట్టానే గాని, బుర్రకెక్కిందెప్పుడు?

కావలి మొగులయ్య గేటు తీశాడు. ఎండలో ఉన్నాడు పాపం, ఒక పండు ఇచ్చాను. ఆఫీసు వాళ్లిచ్చే పండుకేం భయమనుకున్నాడేమో, తింటూ లోపలికి వెళ్లిపోయాడు.

అంతలో యాదవ్వ వచ్చి సంచి చూసింది. గీడనే ఆగు సారూ, లోపల అడుగు పెట్టకు అంది. నాకు ఒళ్లు మండింది. ఆఫీసు మనిషిని బయట నిలబెడుతుందా? ఆమె సంచి తీసుకుని రోడ్డు మీదే కూర్చుని, కొడవలితో ఆరు టెంకలూ చీల్చింది. రెండింట్లో నల్లటి పురుగులు. కదులుతున్నాయి. అన్నిటినీ అక్కడే మంట పెట్టి కాల్చింది. ఫికర్ చెయ్యకు, తెల్వక తెచ్చినవ్ అంటూ చల్ల తెచ్చి ఇచ్చింది, గేటు బయటే.

ఆరేనా అని అడగలేదు. నేను చెప్పలేదు.

ఏప్రిల్ 23
మొగులయ్య ఆ టెంక ఎక్కడ పారేశాడో!

ఏప్రిల్ 26
యాదవ్వ సర్టిఫికెట్ సిద్ధం చేయమన్నారు వామన్‌రావు గారు. పేరు వరకు కొట్టి ఆగిపోయాను. చెబితే ఆమె మూడేళ్ల కష్టం మట్టిపాలు. పైగా నాది టెంపరరీ ఉద్యోగం. మధ్యాహ్నం అబిడ్స్ పోస్టాఫీసు దాకా ఊరికే నడిచి తిరిగొచ్చాను. రిబ్బన్ పాడైందని అబద్ధం చెప్పాను. ఎంత పిరికివాణ్ణో ఇవాళ తెలిసింది.

ఏప్రిల్ 28
యాదవ్వ ఆఫీసుకు వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. తోటలోకి బయటి పండు ఒకటి వచ్చిందని తనే చెప్పింది. మొగులయ్య తిన్నాడట, నిన్న చెప్పి ఏడ్చాడట. రోజంతా ఆరుగురు ఆకులు ఎత్తి ఎత్తి వెతికారట. టెంక దొరకలేదు.

మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదమ్మా అన్నారు వామన్‌రావు గారు. నాకు ఎర్కైంది గద సారూ, దొరకలేదంటే లేనట్టా, రాసుకో అంది. తెచ్చిందెవరని ఆయన అడిగితే, ఎవరో సుట్టమొచ్చిండు అంది. నా వైపు చూడనైనా లేదు.

నేను లేచి నిలబడ్డాను. తెచ్చింది నేనే అన్నాను.

వామన్‌రావు గారు ఫైలు తెరిచారు. ఈ ఏడాది కొట్టేసి, మళ్లీ ఒకటి నుంచి లెక్క అన్నారు. నాకు మెమో. ఉద్యోగం మాత్రం ఉంచారు. సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదంటూ ఉత్తరం నేనే టైపు చేశాను. కారణం దగ్గర నా పేరు రాశాను. ఆమె దాని మీద వేలిముద్ర వేసి, మల్ల మొదలువెడుదం, ఏమైతది అంది. అంత పెద్ద మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

1953 జూన్ 3
మొదటి సంవత్సరం. శుభ్రం.

1954 మే 29
రెండోది. మొగులయ్య ఇప్పుడు గేటు దగ్గర నా జేబులు తడుముతున్నాడు. వామన్‌రావు గారివి కూడా! ఎంత దర్జాగా తడుముతాడో.

1955 మే 23
నాంపల్లి స్టేషన్. యాదవ్వ బుట్టలు బొంబాయి రైలెక్కాయి. ఇంతకూ ఆ దేశం పేరేంది సారూ అని ఇవాళ మొదటిసారి అడిగింది. చెప్పాను. ఆమెకు నోరు తిరగలేదు. ఏదైతేంది, ఆళ్ల చెట్లు సల్లగుండాలె అంది.