గఫారు పట్నం చూపించాడు

ఏప్రిల్ 13, ఆదివారం

పంచాయితీ తేలింది. నా చేనుకీ త్రికోటేశ్వరరావు చేనుకీ మధ్య గట్టు ఎక్కడుండాలో అబ్దుల్ గఫారు వచ్చి చూపించాలి. వచ్చే ఆదివారం తడిబట్టలతో, నెత్తిన మట్టిగడ్డ పెట్టుకుని నడవాలి. అది ప్రమాణం కింద లెక్క, వాడు నడిచిందే సరిహద్దు. వాడు రాకపోతే గట్టు ఇప్పుడున్న చోటే ఉంటుంది. రెండు వైపులా ఒప్పుకున్నాం. ఇరవై ఏళ్ళు ఆ రెండు చేలూ దున్నింది గఫారు ట్రాక్టరే.

గట్టు తన చేలోకి నాలుగు సాళ్ళు జరిగిందని త్రికోటేశ్వరరావు గొడవ. నాలుగు సాళ్ళ మిరప. మా అన్న వెంకట్రామయ్య పోయిన ఇన్నేళ్ళకు గుర్తొచ్చింది వాడికి. అన్న బతికుండగా అని ఉంటే పళ్ళు రాలేవి.

గఫారు ఇప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గరుంటున్నాడు. ఫోన్ చేసి రమ్మనడం మర్యాద కాదు, నేనే పోయి తీసుకొస్తానన్నాను. వాడు రాక గట్టు మిగిలితే నాదే నిజమని ఎవడంటాడు? నువ్వు పోతే పాఠం నేర్పి తెస్తావు గదా మామా అన్నాడు త్రికోటేశ్వరరావు. నేను చదివిందే మూడో తరగతి, నాకు పాఠాలు నేర్పటం రాదురా అన్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

మాచర్లలో బస్సెక్కాను. సాగర్ దాటాక ఏసీ ఆగిపోయింది. నడుము పడిపోయింది.

గఫారు బస్టాండుకు వచ్చాడు. గడ్డం మొత్తం తెల్లబడింది. ఏంది బావా ఇట్టా ఎండిపోయావు అన్నాడు. నువ్వేదో పచ్చగా ఉన్నట్టు అన్నాను. పదేళ్ళయింది చూసుకుని.

వాడి కూతురు మంచి భోజనం పెట్టింది. చెయ్యి కడుక్కోగానే పని సంగతి ఎత్తాను. ఆదివారం సంగతంతా చెప్పాను. విన్నాడు. రేపు మాట్లాడుకుందాం, ముందు పట్నం చూద్దువుగానీ అన్నాడు. నాకు పట్నంతో పనేంది అన్నాను. నీకు లేదులే, నా ముచ్చట కోసం రా అన్నాడు.

ఏప్రిల్ 17, ఉదయం 6

కాళ్ళు వాచాయి. అయినా పోవాలి. ఇవాళ వాడి చేత మాట తీసుకోవాలి.

ఏప్రిల్ 17, మధ్యాహ్నం 3

మ్యూజియంలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. గఫారు టాయిలెట్‌కు పోయాడు.

పొద్దున చార్మినార్ చూశాం. కోటప్పకొండ తిరనాళ్ళలో ఇంతకన్నా జనం ఉంటారు అన్నాను. అది ఏడాదికొకసారి బావా, ఇక్కడ రోజూ ఇంతే అన్నాడు. ఆదివారం సంగతి అడిగాను. గాజుల కొట్లు చూడు అన్నాడు. ఈ వయసులో నాకు గాజులెందుకు?

ఇక్కడ ఒక పెద్ద గడియారం ఉంది. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. దాన్ని చూడటానికి రెండొందల మంది ముందే కుర్చీలేసుకుని కూర్చున్నారు. మా బళ్ళో బంట్రోతు రోజూ కొట్టేవాడు, వాడి మొహం చూసినవాడు లేడు.

మళ్ళీ అడిగాను. ఆ కత్తి చూడు ఎంత పొడవో అన్నాడు. ఎవణ్ణీ ఒక పని రెండుసార్లు అడిగినవాణ్ణి కాదు నేను.

ఏప్రిల్ 17, సాయంత్రం 7

గోల్కొండ. కింద వాకిట్లో చప్పట్లు కొడితే కొండ మీద వినపడుతుందట. గైడు కొట్టి చూపిస్తున్నాడు. మా ఊళ్ళో గుసగుసలాడినా వెల్దుర్తి దాకా వినపడుతుంది, దానికి చప్పట్లెందుకు అన్నాను. గఫారు నవ్వలేదు.

సగం మెట్లు ఎక్కాక ఇద్దరికీ ఆయాసం వచ్చి కూలబడ్డాం. వస్తావా రావా, ఒక్క మాట చెప్పు అన్నాను.

అప్పుడు చెప్పాడు. గట్లన్నీ కొట్టుకుపోయిన వానల ఏడు నువ్వు మీ అత్తగారి ఊళ్ళో ఉన్నావు, త్రికోటేశ్వరరావు నాయన గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు, వెంకట్రామయ్యన్న పొద్దున్నే వచ్చి కొత్త గట్టు ఇటు కాదు, అటు తియ్యరా అన్నాడు, నాలుగు సాళ్ళు అటు తీశాను బావా, స్టీరింగు నా చేతిలోనే ఉంది.

అబద్ధం అన్నాను. సరే, అబద్ధమే అనుకో అన్నాడు. నేనొస్తే తడిబట్టలతో ఆ పాత జాగాలోనే నడవాలి, రాకపోతే నీ గట్టు నీకుంటది, నీ ఇంట్లో చానా అన్నం తిన్నాను, ఈ మాత్రం చెయ్యనా, ఈ మాట చెప్పకుండానే నాలుగు చోట్లా తిప్పి పంపుదామనుకున్నా, అడిగి అడిగి చంపావు అన్నాడు.

లేచి మిగతా మెట్లు ఎక్కాను. వద్దు బావా అని కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. పైనుంచి పట్నమంతా కనిపించింది. ఏం చూశానో చెప్పలేను.

ఏప్రిల్ 18

ఇంటికొచ్చాను. గఫారేడి అంది నా భార్య లీలావతి. బీపీ అంట, ప్రయాణం వద్దన్నారంట అన్నాను. పోనీలే, రాకపోతే గట్టు మనదేగా అంది. మళ్ళీ మళ్ళీ అంది. అన్నం సయించలేదు.

ఏప్రిల్ 19

టీ కొట్టు దగ్గర త్రికోటేశ్వరరావు కలిశాడు. ఏం మామా, సాక్షిని పట్నంలోనే దాచిపెట్టొచ్చావా అన్నాడు. అందరూ నవ్వారు. తిరిగి అనటానికి ఒక్క మాట దొరకలేదు. నాకు!

పగలంతా మంచం మీదే. అన్న దొంగతనం చేశాడు. గఫారు బండి తోలాడు. నేను ముప్పై ఏళ్ళు ఆ నాలుగు సాళ్ళ కాయ కోసుకుని తిన్నాను. తెలియక తిన్నాను, అది వేరు. ఇప్పుడు వాడు నోరు మూసుకుని నాకు ఆ మట్టి ధర్మం చేస్తున్నాడు. జాలిపడి! నేనెప్పుడు ఒకడి ముందు చెయ్యి చాపాను?

ఏప్రిల్ 20, ఆదివారం

గఫారు రాలేదు కాబట్టి గట్టు అక్కడే అన్నారు పెద్దలు. ఆగండి అన్నాను. బోరు నీళ్ళలో తడిసి, మట్టిగడ్డ నెత్తిన పెట్టుకుని, నాలుగు సాళ్ళు నా చేలోకి జరిగి నడిచాను. ఎండగా ఉంది, చాల్లే మామా అన్నాడు త్రికోటేశ్వరరావు. చివరిదాకా నడిచాను.

లీలావతి పొడిబట్ట తేలేదు. పంచె ఒంటి మీదే ఆరింది.