మందు లేని రక్తం

2008 ఫిబ్రవరి 4, సోమవారం

లామివుడిన్, జిడోవుడిన్. హెచ్‌ఐవీకి ఒకే ట్యాబ్లెట్‌లో ఇచ్చే రెండు మందులు. ట్యాబ్లెట్‌లో ఎంతున్నాయో ల్యాబ్‌లోని హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద కొలిచేశాను. ఇక రక్తంలో కొలవాలి. ముందు ఏ మందూ లేని రక్తం కావాలి. దాన్నే బ్లాంక్ అంటాం. బ్లడ్ బ్యాంక్ వాళ్లు ఇదిగో అదిగో అంటున్నారు. ఇబ్రహీంపట్నంలో కాలేజీలకు కొదవ లేదు, రక్తానికే కొదవ. నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే ఏడాది గోవిందా.

అన్నం దగ్గర ఏడ్చేశాను. ధర్మేందర్ నా కాగితాలు తిరగేసి, గింతదానికి ఏడుస్తవా, నా రక్తం తీస్కో అన్నాడు. పెళ్లయిన ఐదు నెలల్లో ఇంత ముద్దొచ్చింది ఇవాళే.

ఫిబ్రవరి 6

పొద్దున్నే కాలేజీకి వచ్చి చెయ్యి చాపాడు. కస్టమర్లకు ప్లాట్లు చూపించాలని అటునుంచే మహేశ్వరం వెళ్లిపోయాడు.

సాయంత్రం. మందు ఉంటేనే మిషన్ గీసే గీత పైకి లేస్తుంది. బ్లాంక్‌లో రెండుసార్లు లేచింది! సరిగ్గా ఆ రెండు మందులూ రావాల్సిన నిమిషాల్లోనే. నా కర్మ.

ఫిబ్రవరి 7

గైడ్ రత్నాకర్ సార్ అందరి ముందూ తిట్టారు. మందు లేని రక్తంల మందెట్లొస్తది, సీసలు కడుగుడు రాదా అని. రోజంతా సీసాలు, మిషన్‌లోని కాలమ్ గొట్టం అన్నీ కడిగాను. గీత మళ్లీ లేచింది, అవే రెండు పీక్‌లు. ఈ మిషన్‌ను తీసుకెళ్లి పెద్ద చెరువులో పడెయ్యాలి.

ఫిబ్రవరి 8

ల్యాబ్‌లో నాతో పనిచేసే నవత విసిగిపోయి తన రక్తం ఇచ్చింది. అదే మిషన్, అవే సీసాలు. ఒక్క పీక్ లేదు.

నవత ఎగిరి గంతేసింది. సార్ శభాష్ అన్నారు. నేను ధర్మేందర్ రక్తం గీతలు మళ్లీ తీసి చూసుకున్నాను.

ఫిబ్రవరి 9

అడగలేదు.

ఫిబ్రవరి 10, ఆదివారం

అడిగాను. తల దించుకుని అవ్ అన్నాడు. పెళ్లికి ముందునుంచే హెచ్‌ఐవీ ఉందట. మందులు బండి డిక్కీలో దాస్తాడట. ఇల్లు కట్టినంక పిల్లలు అంటూ ఇన్నాళ్లూ జాగ్రత్తపడింది అందుకేనట. ఎన్నిసార్లు జాగ్రత్తపడలేదో నాకు తెలియదా? దుర్మార్గుడు.

మరి రక్తం ఎందుకిచ్చినవ్ అని అరిచాను. నీ కాగితాలల్ల నా మందుల పేర్లు చూసిన, నోటితోని చెప్పరాలే, నీ మిషనే చెప్తదనుకున్న అన్నాడు.

కొట్టాను. చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాను. అడ్డం కూడా పెట్టుకోలేదు.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం, దవాఖాన

పరీక్షకు నా రక్తం ఇచ్చి వచ్చాను. రిపోర్టు ఇంకో గంటకట. ధర్మేందర్ పక్కనే కూర్చున్నాను. అమ్మకు చెప్పలేను, నవతకు చెప్పలేను. ఇంకెవరి పక్కన కూర్చుంటాను?