ముత్యం నొక్కని పేరు

కరీంనగర్,
నవంబర్ 18

ముత్యం అన్నకు,

నేను స్తుతిని. మీ జిన్నింగ్ మిల్లులో పత్తి తెచ్చే రైతులకిచ్చే టోకెన్ల కంప్యూటర్ పేజీ రాసింది నేనే. ఫోన్లోనే చెబుదామని మీ నంబరు నొక్కి, రింగ్ కాకముందే మూడుసార్లు కట్ చేశాను. అందుకే ఈ కాగితం.

ఇచ్చోడ రైతు లచ్చయ్య టోకెన్ పోవడంలో మీ తప్పు లేదు, నాదే. పేరు పక్కనున్న ‘రద్దు’ బటన్ నొక్కితే ఆ రైతు నంబరు సర్వర్‌కు చేరాలి. నేను దాని బదులు, వరుసలో అది ఎన్నో పేరో పంపేలా రాశాను. రద్దు చేయమన్న వెంకటేశ్‌ది నాలుగో పేరు. మీరు దాన్నే నొక్కారు. సరిగ్గా అంతకుముందే పక్క కిటికీవాళ్లు పైనున్న ఒక పేరు తీసేశారు. మీ తెర మీద పాత వరుసే ఉంది. సర్వర్‌లో మాత్రం ఐదో పేరు లచ్చయ్యది నాలుగోదై, అదే రద్దయింది.

ఆయన ట్రాక్టర్ రెండు రోజులు గేటు బయటే ఆగిందని, పత్తి వానకు తడిసిందని విన్నాను. “తెలిసినోళ్ల కోసం లచ్చయ్యను తప్పించిండు” అని మీ మేనేజర్ దశరథం సారు మిమ్మల్ని పనిలోంచి తీసేశారనీ విన్నాను. ఆ రోజే నా తప్పు దొరికింది. చప్పుడు కాకుండా సరిచేశాను. మా ఆఫీసులో సారు అడిగితే, “ఆపరేటర్ నొక్కినట్టే రికార్డుల ఉన్నది సార్” అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే ఆ మాట నన్ను మరీ నిలవనీయడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. ప్రార్థనలో కళ్లు మూసుకున్నా ఆ వరుసే కనిపిస్తోంది.

ఇవాళ ఇద్దరు సార్లకూ అంతా రాసి పంపాను. రాజీనామా కూడా ఇచ్చాను. ఇక ఈ పని చేయను. నా మీద నాకే నమ్మకం పోయింది.

క్షమించమని అడిగే ధైర్యం లేని
స్తుతి

ఆదిలాబాద్,
నవంబర్ 22

చెల్లె స్తుతికి,

నీ ఉత్తరం మా ఇంటామెకు చదివి వినిపించాను. “గిన్ని రోజులు నీ చేతులనే చూసుకుంట కూసుంటివి గదా” అని ఏడ్చింది. నిజమే. నా వేలే జారిందని నేనూ నమ్మాను. నీ మీద కోపం వచ్చింది. ఇంకా పోలేదు, దాచడమెందుకు.

దశరథం సారు పిలిచి, “రేపటి సంది రా” అన్నారు. ముందు ఇచ్చోడ పోదామన్నాను. ఇద్దరం వెళ్లి లచ్చయ్యకు జరిగింది చెప్పాం. ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత, “గా పిల్ల ఎన్నడన్న టోకెన్ కిటికీ కాడికి వచ్చిందా?” అని అడిగాడు. రాలేదన్నాను.

“ఒక్కసారి రమ్మను. మేం ఎట్ల నిలబడ్తమో జర చూడమను.”

నువ్వు మానేస్తే నీ చోటికి వచ్చే మనిషికి మా సంగతి అసలే తెలియదు. నీకు ఈ ఒక్క తప్పయినా తెలుసు. వచ్చే సోమవారం పొద్దున్నే బస్సెక్కు. నా పక్కన కుర్చీ వేయిస్తాను. సాయంత్రం దాకా కూర్చో, మానేస్తావో లేదో అప్పుడు చెప్పు.

పత్తి ఆరబెట్టుకొని లచ్చయ్య కూడా ఆ రోజే వస్తున్నాడు. నీ తరఫున నేనేమీ అనను. ఆయనతో నువ్వే మాట్లాడాలి.

నీ రాక కోసం చూసే అన్న,
ముత్యం