ఐదో బాటిల్ ఎవరు పెట్టమన్నారు

వదినా,

నువ్వు పోయి ఏడు నెలలైంది. ఈ ఉత్తరం నీ పెట్టెలో చీరల కింద పెడతాను. ఇంకెక్కడికి పంపను...

భోపాలపట్నం దుకాణం నడుస్తోంది. సంత రోజున ఇప్పపువ్వు తెచ్చేవాళ్లు ఇంకా నీ గురించి అడుగుతారు. పువ్వుకు బదులు వాళ్లకు ఉప్పు తూయించేది నువ్వే కదా. "ఇంకో దోసెడు పొయ్యవే సుగుణా, అడివిల అన్ని దొరుకుతయ్, ఉప్పే దొరకది" అనేదానివి.

నీకు బీపీ అని ఉప్పు తగ్గించమన్నారు. నేను దాదాపు మాన్పించాను. ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా ఒక్క రోజు తప్పకుండా ఇచ్చాను.

ఆ ఎండల్లో నీకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మన దగ్గర ఏం వచ్చినా మాట ఒకటే... కమ్‌జోరీ, అంటే నీరసం, బాటిల్ ఎక్కించాలి. బండి మీద తిరిగే డాక్టరు వచ్చి గోడ మేకుకు గ్లూకోజ్ బాటిల్ తగిలించాడు. నేను దుకాణం లెక్కల పుస్తకంలో గళ్లు గీశాను. ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు అయిపోయింది, ఎవరు పెట్టమన్నారు. నువ్వు నవ్వావు. "యముడొచ్చినా ముందుగాల నీ బుక్కుల సంతకం పెట్టాలె" అన్నావు.

రెండు రోజుల్లో నాలుగు బాటిళ్లు. వాంతులు తగ్గాయి గానీ తలనొప్పి అన్నావు. మర్నాడు పొద్దున నన్ను మీ అమ్మ పేరుతో పిలిచావు. డాక్టరు ఇక చాలు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అన్నాడు. మా ఆయన, నీ తమ్ముడు, జీపు కోసం వెళ్లారు. నీరసం వల్లే అలా మాట్లాడుతున్నావనుకున్నాను నేను. ఇంకొక్కటి ఎక్కించి పొమ్మని డాక్టరును పట్టుబట్టాను. అది సగం అయ్యేసరికి నువ్వు పలకడం మానేశావు...

జీపు గీదం దాటాక నీకు ఫిట్స్ వచ్చాయి. జగదల్‌పూర్ పెద్దాసుపత్రిలో రక్తం చూశారు. సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, నూట ముప్పై ఐదుకు తగ్గకూడదట. నీకు నూట ఎనిమిది. డాక్టరమ్మ నా పుస్తకం తీసుకుని చదివింది. గ్లూకోజ్‌లోని చక్కెరను ఒళ్లు వాడేసుకుంటే మిగిలేది ఉత్త నీళ్లేనట. విరేచనాల్లో, నీరు తీసే మాత్రతో పోయిన ఉప్పు తిరిగి రాలేదు, ఉన్న కాస్తా పలచబడింది, మెదడు వాచింది అని చెప్పింది. ఉప్పు కలిపిన బాటిల్ వేరే ఉంటుందట. అన్నీ రాశాను కదా వదినా, బాటిల్ మీద ఏముందో మాత్రం ఎందుకు చదవలేదు?

రెండు రోజులు ఐసీయూ తలుపు అద్దంలోంచి నిన్ను చూశాను. మూడో రోజు వాళ్లే నిన్ను గుడ్డ కప్పి బయటికి తెచ్చారు.

నీ తమ్ముడు ఆ డాక్టరును సంతలో నలుగురి ముందు నిలబెట్టి, ఐదు బాటిళ్లు ఎక్కించి చంపావని తిట్టారు. అతను నా పేరు ఎత్తకుండానే బండెక్కి వెళ్లిపోయాడు. మన వీధికి రావడం మానేశాడు.

పోయిన వారం నీ తమ్ముడికీ వాంతులే. వేరే డాక్టరుతో బాటిల్ పెట్టించమన్నారు. గడపలో అడ్డంగా నిలబడ్డాను. ఓఆర్ఎస్ నీళ్లు, ఉప్పేసిన గంజి గుక్కగుక్కగా తాగించాను. మూడో నాటికి లేచి కూర్చున్నారు. అక్కకు కూడా ఇదే తాగించి ఉంటే బతికేదా అని అడిగారు.

నేను పొయ్యి వైపు తిరిగాను.

ఐదో బాటిల్ వరసలో, ఎవరు పెట్టమన్నారు అన్న గడి ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది. ఇవాళ అందులో నా పేరు రాశాను. రేపు పొద్దున ఆయన చాయ్ తాగాక ఆ పేజీ తీసి ముందు పెడతాను.

నీ మరదలు
సుగుణ