నీళ్లపామేలే

మే 6
మ్యూజియంలో కొత్త పని. సముద్రపు పాముకి లేబుల్ రాయాలి. సీసా మూత తీయగానే ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండిపోయాయి. మనిషి చేయంత పొడుగుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లటి పట్టీలు. పై పెదవి కొస ముక్కులా కిందికి వంగి ఉంది. తోక మాత్రం పాము తోకలా లేదు, రెండు పక్కలా నొక్కేసిన తెడ్డులా ఉంది. గుర్తుపట్టడానికి అదొక్కటి చూస్తే చాలు.

నివాసం అన్నచోట సముద్రం, ఉప్పుటేళ్లు, నది కలిసేచోటి బురదనీళ్లు అని రాశాను. ఎనిమిది లైన్లు దాటకూడదని పెద్దసారు పట్టు. సముద్రం ఉంచి మిగతాది కొట్టేశాను. పీడా పోయింది.

మే 9, ఉదయం 7.20
ఏట్లో వల లాగుతూ బావ ఫోన్ చేశాడు. చేపలు విడదీస్తుంటే ఏదో పాము వేలు పట్టుకుందట. చీమ కుట్టినంత కూడా నొప్పి లేదట. మీ అక్కకి చెప్పకు, ఇల్లు పీకి పందిరేస్తుంది అన్నాడు. ఎలా ఉందని అడిగితే పట్టీలున్నాయి, నీళ్లలోకి విసిరేశానన్నాడు. ఏట్లోదేగా. నీళ్లపామేలే బావా, విషం ఉండదు, సబ్బుతో కడుక్కో అన్నాను. మా పాముల డాక్టరమ్మ ఉండగా నాకేం భయమని వేళాకోళమాడాడు. ఇంతలో బస్సొచ్చింది. పెట్టేశాను.

అదే రోజు, మధ్యాహ్నం 12.40
లేబుల్ ఫెయిర్ కాపీ రాద్దామని పాత కాగితం తీశాను. ఉప్పుటేళ్లు. నా చేత్తో నేనే కొట్టేసిన మాట. బావ వల వేసేది ఉప్పుటేట్లోనే.

ఫోన్ చేశాను. తోక ఎలా ఉంది బావా అని అడిగాను. బల్లపరుపుగా, తెడ్డులా ఉందన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఒళ్లంతా రోకళ్లతో దంచినట్టుందట, దవడలు పట్టేశాయట, ఎండదెబ్బేమోనట. ఆస్పత్రికి పో, ఇప్పుడే పో అని అరిచాను. ఆఫీసంతా నావైపు చూసింది.

ఐదు గంటలు. పొద్దున్నే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది?

మే 10
ఐసీయూ. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది. కండరాలు కరిగి కిడ్నీలకి అడ్డుపడుతున్నాయట. తమ దగ్గరున్న మందు నేలపాములకే పనిచేస్తుందన్నాడు డాక్టరు. పొద్దున్నే తెచ్చి ఉంటే డయాలిసిస్‌తో గట్టెక్కించేవాళ్లం అని కూడా అన్నాడు. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. నిన్న పొద్దుటి ఫోన్ సంగతి చెప్పలేదు.

మే 11
ఇవాళా చెప్పలేదు.

మే 12, సాయంత్రం
బావ నన్ను పిలిపించాడు. ఐదు నిమిషాలే అంది నర్సు. రెప్పలు వాలిపోయి ఉన్నాయి, వేలితో ఎత్తి పట్టుకుంటే తప్ప చూడలేకపోతున్నాడు. నా వల్లే బావా అన్నాను. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

పళ్ల మధ్య నుంచి ఒక్కో మాటా తోసుకుంటూ చెప్పాడు. నువ్వు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లమన్నావనీ, నేనే పెడచెవిన పెట్టాననీ మీ అక్కతో చెప్పేశానన్నాడు. నువ్వూ అదే చెప్పు, దానికి నువ్వు తప్ప ఎవరున్నారు అన్నాడు. వద్దు బావా, నేను చెప్పలేను అన్నాను. చెప్పి తీరాలన్నాడు. నవ్వబోయాడు కానీ దవడ కదల్లేదు.

దేవుడా, నాలుగు తిట్టినా బాగుండేది.

మే 14
తెల్లారగట్ల పోయాడు.

మే 17
ఆఫీసుకి వెళ్లాను. లేబుల్‌లో కొట్టేసిన లైను మళ్లీ రాశాను. తొమ్మిది లైన్లయ్యాయి. పెద్దసారు చూసి సంతకం పెట్టేశాడు. ఇప్పుడెవరికి కావాలి?

మే 21
అక్క బావ చొక్కాలు మడతపెడుతూ ఉన్నట్టుండి తిట్టడం మొదలెట్టింది. చెల్లెలు అంత చదువుకుని చిలక్కి చెప్పినట్టు చెబితే విన్నాడు కాదు, మొండిమనిషి, నన్ను నట్టేట ముంచిపోయాడు అని ఏడ్చింది. ఎంత బతిమాలావో ఏమోనే అని నా చేయి పట్టుకుంది.

మొండివాడేనక్కా అన్నాను.