ప్లాన్లో లేని తలుపు

బోధన్ నుంచి

అప్పా,

నీ పాదాలకు తమ్ముడు తవిటయ్య దండాలు. నేనిక్కడ బాగున్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? భవాని చీకటితో లేచి చదువుతోందా, లేక తండ్రిని నేను దగ్గర లేను కదా అని పడుకుంటోందా? నీ చేతులు ఎలా ఉన్నాయి? జీడిపిక్కలు కొట్టే ముందు చేతులకు నూనె రాసుకోమంటే వినవు. అందరూ కులాసాగా ఉన్నారని నీ చేతిరాతతో ఒక్క ముక్క చూస్తే నా మనసు కుదుటపడుతుంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోను చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. బావ వింటాడు, భవాని వింటుంది, పక్కింటి వాళ్లూ వింటారు. చెప్పాలనుకున్నదాంట్లో సగం చెప్పి పెట్టేస్తున్నాను. ఇది నీకొక్కదానికే మొదటి నుంచీ వరసగా చెప్పాలి. నువ్వు చదివాక భవానికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. విశాఖలో మా హోటలు మూతపడ్డాక, దసరా వెళ్లగానే బోధన్‌లో హోటల్లో వంటపని దొరికిందని నీకు చెప్పాను. హోటలన్న మాట అబద్ధం కాదు. కానీ అది బారు కాబోయే హోటలు. బారంటే నువ్వు వద్దంటావని ఆ సగం మింగేశాను. నన్నెందుకు పిలిచారో మాత్రం వచ్చేదాకా నాకూ తెలియదు.

మా యజమాని పేరు లింబాద్రి. యాభై దాటిన మనిషి, అందరూ సేటు అంటారు. వీళ్లది ఒకప్పుడు చెరుకు పండించిన కుటుంబం. ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వరిలోకి దిగారట. రోడ్డు పక్కన రెండంతస్తుల ఇల్లు కట్టి, బారు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. నేను దిగిన రోజు వంటగది చూసి ఆశ్చర్యపోయాను. పొయ్యిలన్నీ కొత్తవి, గిన్నెలకు ఇంకా అట్టముక్కలు అంటుకునే ఉన్నాయి, ఒక్క మసి మరక లేదు.

"ఇక్కడ ఇంతకు ముందు ఎవరు వండేవారండీ?" అని అడిగాను.

"ఎవలు లేరు. నువ్వొస్తెనే కిచెన్ అయితదని ఆగిన" అన్నాడు. "హోటల్ నడవకుంటె బార్ ఇయ్యరు వయ్యా. రూల్ గట్ల ఉన్నది. ప్లాన్‌ల కిచెన్ సూపెట్టిన, వంటాయన పేరు సుత రాసిన. మూడోపారి దరఖాస్తు పెడితె గిప్పుడొచ్చింది నా చీటి. ఇది తప్పిపోతె మల్ల నాతోని గాదు."

ఇక్కడ బార్లకు అందరి ముందూ చీట్లు తీస్తారట. చీటీ వచ్చినంత మాత్రాన లైసెన్సు చేతికి రాదు. చోటు చూపించాలి, గదుల కొలతలతో ప్లాను ఇవ్వాలి, మున్సిపాలిటీ కాగితాలు, తిండి అమ్మే లైసెన్సు, దగ్గర్లో బడీ గుడీ లేవని కొలతలు, ఇంకా ఎన్నో. నాకు రోగాలేవీ లేవని సర్కారు ఆసుపత్రి కాగితం కూడా ఆ ఫైల్లోకే వెళ్లింది. అప్పా, అప్పుడు అర్థమైంది. నన్ను వండడానికి పిలవలేదు, ఫైల్లో పెట్టడానికి పిలిచారు.

ఫైలు తిరుగుతూ ఉంది. నేను ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఇక్కడ చలికాలం మన దగ్గరలా కాదు, తెల్లవారితే గోడలు కూడా చల్లగా తగులుతాయి. సముద్రం వాసన లేదు. సంతలో సగం మాటలు మరాఠీ, ఇంకో సగం తెలుగైనా రెండోసారి అడిగితే తప్ప నాకు అర్థమయ్యేది కాదు. రోజంతా ఎవరూ నా పేరు పెట్టి పిలవని రోజులు ఉన్నాయి. బెంగపెట్టుకోకు, అవి అయిపోయాయి కనుకే రాస్తున్నాను.

ఒక రోజు సేటునడిగాను, మధ్యాహ్నం భోజనం వండనా అని.

"ఈడ ఎవడు తింటడు? వండుకుంటె వండుకో" అన్నాడు.

వండాను. ముందు రోడ్డు మీద నుంచి ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. మా వంటగదికి పక్కనున్న గల్లీలోకి ఒక తలుపు ఉంది. ఆ గల్లీలో ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దున కూర్చుంటే సాయంత్రం కట్టలు అప్పజెప్పే దాకా లేవరు. వంటకు లేస్తే ఆ పూట పని వెనకబడ్డట్టే. ఒక మధ్యాహ్నం గంగమణి అనే ఆమె గిన్నె పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. నీ వయసే ఉంటుంది. వేళ్లు పొగాకుతో పసుపుపచ్చగా ఉన్నాయి. కూర పోయించుకుని, అక్కడే వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"గిదేం కూర ఆంధ్రాయనా? చింతపండు తప్ప ఏం లేదు. పండ్లు గుంజుతున్నయ్."

"మా దగ్గర ఇలాగే తింటారమ్మా."

"మీ దగ్గర తినుండ్రి. ఈడ నువ్వులు ఏంచి, నూరి ఎయ్యి. పుంటికూరల పల్లీలు ఎయ్యి. రేపొస్త."

పుంటికూర అంటే మన గోంగూరే. మర్నాడు ఆమె చెప్పినట్టే చేశాను. వారం తిరిగేసరికి ఆ తలుపు దగ్గర గిన్నెలు వరస కట్టాయి. చీకటితో లేచి మసాలా నూరుతున్నానంటే నమ్ము. పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చాయి, ఊరి చుట్టూ గాలంతా అదే వాసన. చలి తగ్గింది. నాకు మాట్లాడడానికి మనుషులు దొరికారు.

ఆ గంగమణే బారు వద్దని అర్జీ పెట్టింది. గల్లీలో అందరి చేతా వేలిముద్రలు, సంతకాలు వేయించి, బస్సెక్కి నిజామాబాద్ వెళ్లి, కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇచ్చి వచ్చింది. ఇచ్చి వచ్చిన రోజే నా దగ్గర కూర కూడా తీసుకుంది. నేనుండబట్టలేక అడిగాను.

"నా పని పోతుంది కదమ్మా?"

"నీ మీద కాదు పెట్టింది. మా పిల్లలు పొద్దుమీకి గీ గల్లీలకెళ్లే బీడీలు అప్పజెప్ప పోతరు. తాగి బయటికొచ్చెటోళ్ల నడుమల నుంచి పోవాల్నా? నీకు బిడ్డ ఉన్నదంటివి. నువ్వే జెప్పు."

గిన్నెలో ఒక గరిటె ఎక్కువ వేశాను.

అర్జీ మీద విచారణకు ఎక్సైజు ఎస్సై వస్తున్నాడని కబురు వచ్చింది. ముందు రోజు సేటు నా చేత వంటగదిలోని పెద్ద ఇనుప బీరువాను గల్లీ తలుపుకు అడ్డంగా జరిపించాడు. ప్లానులో ఆ వైపు నిండు గోడే గీయించాడట. అక్కడ తలుపున్నట్టు కాగితంలో ఎక్కడా లేదు.

"నిజంగానే గోడ కట్టించేయొచ్చు కదా సేటూ?" అన్నాను.

"నీకు సమజ్ కాదు. మెయిన్ రోడ్డుకెళ్లి రానీకె సిగ్గుపడెటోళ్లు ఉంటరు. ఆళ్లంత గీ తలుపుకెళ్లి వస్తరు. రేపొక్కనాడు బీరువ ఉండనియ్యి."

అంటే తాగేవాళ్లు గల్లీలోంచి రావడం, గంగమణి దేనికి భయపడుతోందో సరిగ్గా అదే.

ఎస్సై వచ్చాడు. కుర్రవాడే, తొందరలేని మనిషి. టేపుతో హాలు కొలిపించాడు, బయటికి వెళ్లి దూరాలు కొలిపించాడు, గల్లీలో ఆడవాళ్లతో మాట్లాడాడు. చివరికి వంటగదిలోకి వచ్చి మూతలు తీసి చూశాడు. "హోటల్ నిజంగనే నడుస్తున్నదే" అన్నాడు. సేటు మొహం వెలిగింది. తర్వాత ఒక కాగితం రాయించి నా ముందు పెట్టారు. ఇక్కడ వంటవాడిగా పనిచేస్తున్నాను, రోజూ భోజనాలు వండుతున్నాను అని ఉంది. అదంతా నిజమే. కింద ఇంకో వాక్యం, వంటగదికి హాలులో నుంచి తప్ప వేరే దారి లేదు అని. దాని కింద నా పేరు.

చదవకుండా సంతకం పెట్టొద్దని చిన్నప్పుడు నువ్వే నా చెవి మెలేసి చెప్పావు. చదివాను. రెండోసారి కూడా చదివాను. సేటు నా వైపు చూస్తున్నాడు. ఈ పని పోతే మళ్లీ మూట సర్దుకుని ఏ ఊరికి వెళ్లాలో అనిపించింది. భవాని ఫీజు గుర్తొచ్చింది. పెన్ను చేతిలోనే ఉంది.

"ఏమైంది? సంతకం రాదా?" అన్నాడు ఎస్సై.

"వచ్చు సార్. ఈ బీరువా వెనకాల తలుపుంది" అన్నాను.

ఎస్సై కోప్పడలేదు. బీరువా జరిపించి, గడియ తీసి, గల్లీలోకి తొంగిచూసి, మళ్లీ వేశాడు. "ప్లాన్‌ల లేని తలుపు ఉండొద్దు. గోడ కట్టి ఫోటోలు పంపుండ్రి, అప్పుడు ఫైలు ముందటికి పోతది. మల్ల తెరిస్తె లైసెన్సు ఉండదు" అని సేటుకు చెప్పి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక సేటు అన్నాడు, "నీకేం పోయిందయ్యా? సంతకం పెడితె అయిపోతుండె."

"అబద్ధం కింద నా పేరు రాయలేకపోయాను సేటూ. పొమ్మంటే పోతాను."

పొమ్మనలేదు. నా పేరున్న కాగితాలన్నీ మళ్లీ చేయించాలంటే గడువు దాటిపోతుంది. కానీ మాట్లాడడం మానేశాడు. రెండో రోజే మేస్త్రీని పిలిచి గోడ కట్టించాడు. అప్పా, పోయింది నాకే. నా బేరమంతా ఆ తలుపు దగ్గరే కదా. ఇటుకలు పైకి లేస్తుంటే గల్లీలోంచి వచ్చే వెలుతురు తగ్గుతూ వచ్చింది. ఆడవాళ్లు ముందు గుమ్మానికి రారు. బారు అని పేరు పడ్డ చోట మెట్టెక్కితే నలుగురూ ఏమంటారో అని. వండిన కూర వండినట్టే మిగిలిపోయింది. ఆ వారం నీకు ఫోను చేసినప్పుడు గొంతు బాగోలేదన్నావు, జలుబన్నాను. జలుబు లేదు.

లైసెన్సు వచ్చింది. సేటు అందరికీ మిఠాయి పంచాడు. నా చేతిలోనూ పెట్టి, అన్ని రోజుల తర్వాత మొదటి మాట అన్నాడు. "ఇగ మద్యాన్నం వంట బంద్. పొద్దుమీకి చికెన్ వేపుడు, పల్లీలు చేస్తె చాలు."

ఆ మర్నాడు మధ్యాహ్నం గంగమణి ముందు రోడ్డు మీదికి వచ్చి, మెట్టు ఎక్కకుండా కిందనే నిలబడి కేక వేసింది.

"ఓ ఆంధ్రాయనా! ఏది కూర? మేం పస్తులుండాల్నా?"

"తలుపు పోయింది కదమ్మా."

"తలుపు పోతె పోయింది. మా అరుగు పోయిందా? గంజు తెచ్చి ఆడ పెట్టు. ఈ సేటేమంటడో నేను అడుగుత."

అడిగింది కూడా. లోపలికి రాకుండా అక్కడి నుంచే అడిగింది. సేటు కౌంటరు దగ్గర నుంచి నన్నొకసారి, ఆమెనొకసారి చూశాడు. "అర్జీ పెట్టినామెకే కూర గావాల్నా?" అన్నాడు.

"అర్జీ నేను వాపస్ తీసుకోలె, తీసుకోను. కూర సంగతి వేరే."

సేటుకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "సాయంత్రం నాలుగు దాక కిచెన్ ఖాళీనే ఉంటది. హోటల్ నడుస్తున్నట్టు సుత ఉంటది. పో" అన్నాడు.

ఇప్పుడు రోజూ పన్నెండింటికి గంజు, అంటే కూర వండిన గిన్నె, మోసుకెళ్లి గంగమణి అరుగు మీద పెడుతున్నాను. ఆడవాళ్లు చాట దించకుండానే గిన్నెలు అందిస్తారు. సాయంత్రం, వీళ్ల మాటలో పొద్దుమీకి, బారులో వేపుళ్లు చేస్తున్నాను. గల్లీ గోడ గోడలాగే ఉంది, ఆ వైపు ఎవరూ రావడం లేదు. బారులో పని నచ్చిందా అంటే, నచ్చిందని చెప్పలేను. వంట వంటే అనుకుని చేస్తున్నాను. నేను తాగడం లేదు, నీ మీద ఒట్టు.

మొన్న ఎస్సై మళ్లీ చూడడానికి వచ్చాడు. మధ్యాహ్నం పూట. బారు తాళం వేసి ఉంది, నేను అరుగు మీద గరిటెతో ఉన్నాను. గల్లీలోకి వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వు బార్ల వంటాయనవు కదా? ఈడేం జేస్తున్నవ్?"

నేను నోరు తెరిచేలోపు గంగమణి తలెత్తకుండా, బీడీకి దారం చుడుతూనే అంది. "పొద్దుమీకి గాళ్ల వంటాయన సార్. ఇప్పుడు మా వంటాయన."

అదీ అప్పా సంగతి. కోపం వస్తే తిట్టు, కానీ కాగితం మీద తిట్టు, స్పీకరులో కాదు. ఇక్కడికి వచ్చే మనిషెవరైనా ఉంటే గుప్పెడు ఎండు రొయ్యలు పంపించు. వీళ్లకు వంకాయలో వేసి పెట్టాలని ఉంది, ముక్కు మూసుకుంటారో, గిన్నె చాస్తారో చూడాలి. భవాని పరీక్షలయ్యాక నాలుగు రోజులు నా దగ్గరికి పంపు, గది చిన్నదే కానీ గాలి వస్తుంది. బావను మోకాలికి కాపడం పెట్టుకోమను. పెద్దమ్మకు, వీధి చివర మావయ్యకు నా దండాలు చెప్పు. నా గురించి ఏమీ బెంగ వద్దు, వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను.

దూరం నుంచే తల వంచి అడుగుతున్నాను, చేయి పెట్టి దీవించు.

నీ తమ్ముడు
తవిటయ్య