నలభై మూడు డిస్కుల బీగం

తూత్తుకుడి జిల్లా కోవిల్‌పట్టిలో కాపురముంటున్న, కీర్తిశేషులు వెళ్ళైసామి గారి కుమారుడు మారిసామి అను నేను, అరవై ఎనిమిదేళ్ల వయసున, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివిలో ఉండి చెప్పి రాయిస్తున్న మరణశాసనం ఇది. గుండెకు రెండు స్టెంట్లు వేశారు. బుద్ధికి ఏమీ వేయలేదు, అది సరిగానే ఉంది. మేము మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. ఇంటి సంగతి ఇంటి భాషలో ఉండాలని నా పట్టు. అందుకని రిటైరైన తెలుగు పంతులు చెల్లదురై గారు నేను చెబుతుంటే రాస్తున్నారు. రిజిస్ట్రారు ఆఫీసుకు తమిళ ప్రతి వేరే ఉంటుంది.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా అల్లుడు మాధవన్‌ది. అతనికి కంప్యూటర్లు తెలియవు, అబద్ధాలూ తెలియవు. నాకు రెండోది ముఖ్యం.

1. బస్టాండు వీధిలోని నా వీడియో, కంప్యూటర్ అంగడి, అందులోని సరుకు, పనిముట్లు సమస్తం నా ఒకే కూతురు యువరాణికి చెందాలి. తను నా దగ్గరే పని నేర్చుకుని, విరుదునగర్‌లో సొంత అంగడి పెట్టి, పెళ్లి వీడియోలు దాచి టీవీలో చూపించే కొత్త రకం సర్వర్లు అమ్ముతోంది. నాకంటే బాగా చేస్తుంది. ఈ మాట బతికుండగా దాని ముఖాన ఒక్కసారీ అనలేదు.

2. నా సొంత కంప్యూటర్‌లో పదకొండు సెకన్ల వీడియో ఒకటుంది. అదీ యువరాణికే. ఊరూరా తిరిగి ఆరువందల పెళ్లిళ్లు వీడియో తీశానుగాని, నా భార్య కృష్ణమ్మాళ్‌ను తీయాలని తోచలేదు. ఒకనాడు అన్నం వేళ కెమెరా సరిచూస్తుంటే తనే ఎదురొచ్చి, "ఆ పెట్టె మూసి తినేకి రా, సోరు ఆరిపోతాది" అని కసిరింది. ఆమె గొంతు మాకు మిగిలింది అంతే.

3. ఎదురంగడి సురేష్‌కుమార్‌కు నా పాత సోల్డరింగ్ ఐరన్ ఇవ్వాలి. ఏడేళ్లు నా దగ్గర పనిచేసి, చెప్పా పెట్టకుండా వెళ్లి, సరిగ్గా నా గుమ్మానికి ఎదురుగా బోర్డు కట్టాడు. నా పాత కస్టమర్లు ఇద్దరు అటు దాటారు. ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు. అయినా ఆ ఐరన్ అతని చేతికే అలవాటు.

4. ఇప్పుడు దాచిన సంగతి చెప్పాలి. 2012 నుంచి నేను తీసిన పెళ్లిళ్లు, తిరునాళ్లు అన్నీ డిస్కులో పోసి, చిన్న పెట్టెలో బిగించి, ఇంటి టీవీకి తగిలించి ఇచ్చేవాణ్ణి. హోమ్ సర్వర్ దాని పేరు. పల్లెల్లో మారిసామి పెట్టె అంటారు. సురేష్‌కుమార్ వెళ్లిపోయిన ఏడాది, మిగిలిన నలభై మూడు ఇళ్ల డిస్కులకూ సర్వీసు పేరుతో వెళ్లి బీగం వేశాను. అప్పటినుంచి ఏ డిస్కూ దాని పెట్టెలో తప్ప ఇంకో పెట్టెలో తెరుచుకోదు, పాస్‌వర్డు కొడితే తప్ప. పాస్‌వర్డులు నాకొక్కడికే తెలుసు.

కొత్త పెట్టె కొన్నవాళ్లు పాత డిస్కు ఎందుకు పాడటం లేదని అడిగితే, అది మెషీను గుణం అన్నాను. యువరాణి నమ్మలేదు. "ఇన్నేండ్లు మన కాడే కొన్నోళ్లు గదా నైనా, వాళ్లకైనా తెరిచి ఇయ్యరాదా?" అంది. తెరిస్తే అందరూ వేరే అంగడికి పోతారని భయపడ్డాను. మూడు నెలలు దానితో మాట మానేశాను. పాస్‌వర్డుల నోటుబుక్కు దీనితో జతచేస్తున్నాను. నా తదనంతరం యువరాణి ప్రతి ఇంటి డిస్కూ తెరిచి, వాళ్లు ఏ పెట్టె కొంటే ఆ పెట్టెలోకి ఎక్కించి ఇవ్వాలి. కూలి అడగకూడదు.

5. ~~నరికుడి పక్క ఊళ్లో ఉండే గురువమ్మాళ్ డిస్కును నా తదనంతరం అన్నిటికంటే ముందు తెరవాలి. రెండేళ్ల కిందట పిడుగు పడి ఆమె పెట్టె మాడిపోయింది. డిస్కుకు ఏమీ కాలేదు, దాన్ని పట్టుకుని ఆమె నా అంగడికి వచ్చింది. చనిపోయిన ఆమె భర్త, పచ్చకొమ్మల పందిట్లో కూతురి పెండ్లి పాట మొత్తం పాడింది అందులోనే ఉంది. ఆ పాట ఇంకెవరికీ పూర్తిగా రాదు. నేను పాస్‌వర్డు కొట్టి కొత్త పెట్టెలో తెరిస్తే, ఆ రోజు అంగడికి వచ్చి పక్కనే నిలబడ్డ యువరాణి ముందు నా గుట్టు బయటపడేది. అందుకని డిస్కు కూడా కాలిపోయిందని చెప్పి పంపేశాను.~~

పై ఐదో షరతు నేనే కొట్టివేయించాను. అక్కడిదాకా రాసి చెల్లదురై గారు పెన్ను కింద పెట్టారు. "నువ్వు పొయ్యేవరకు ఆయమ్మ ఉండాల గదా మారిసామీ. ఆమెకి ఎనుబై దాటిండాది" అన్నారు.

యువరాణికి ఫోన్ చేసి అంతా చెప్పాను. అది తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే కొత్త పెట్టె తీసుకుని విరుదునగర్ బస్టాండులో నిలబడింది. ఇద్దరం వెళ్లాం. గురువమ్మాళ్ డిస్కును సామి పటాల పక్కన, భర్త ఫోటో ముందు పెట్టి ఉంచింది. పసుపు పూసి ఉంది. నేనే తుడిచి, తగిలించి, పాస్‌వర్డు కొట్టాను. పాట మొదలైంది. ఆమె కడదాకా కదలకుండా విన్నది. అప్పుడు నిజం చెప్పాను.

"రెండేండ్లుగా నీ బీగానికి బొట్టు పెట్టి మొక్కితినే తమ్ముడా" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె పాట మళ్లీ పెట్టమంది.

కనుక నాలుగో షరతులో "నా తదనంతరం" అన్న మాట కూడా కొట్టివేసినట్టే. మిగిలిన నలభై రెండు ఇళ్లకు వచ్చే సోమవారం నుంచి నేనే బయలుదేరుతున్నాను. ఎన్ని ఇళ్లు తిరిగాక నా ఊపిరి ఆగితే, అక్కణ్ణించి యువరాణి అందుకోవాలి.

రాయడం మొదలుపెట్టింది 2025 నవంబరు 10న, ముగించింది నవంబరు 19న, కోవిల్‌పట్టిలో.

(సంతకం) వె. మారిసామి

సాక్షులు:
చెల్లదురై, రిటైర్డ్ తెలుగు పంతులు, ఈ దస్తావేజు రాసినవారు
పరమేశ్వరి, పక్క టైలరింగ్ అంగడి